నా ముద్ద నీకు

ఆ భవనంలో అందరికీ ఆమె టైలరమ్మ. బజారు వీధి మలుపులో ఉన్న బట్టల షాపు వెనక గదిలో కూర్చుని, కొన్న బట్టల్ని కొన్నవాళ్ళ ఒంటికి సరిపోయేలా సరిచెయ్యడం ఆమె పని. ఒకరికి నడుము దగ్గర బిగించాలి, ఒకరికి చంక కింద వదలాలి, ఒకరికి అంచు మడవాలి. కుదరకపోతే బట్టనే మార్చాలి, మనిషిని కాదు. ఆ సంగతి పొద్దస్తమానం చేతులతో చేసి చూపిస్తూ కూడా తన దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయింది. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం?

ఆ పనిలో ఒక పద్ధతుంది. బిగించమంటే బిగించాలి గానీ లోపల మిగిలిన బట్టని కత్తిరించకూడదు. మడిచి లోపలే దాచి కుట్టెయ్యాలి. ఆమెకు పని నేర్పిన ముసలావిడ, "ఒళ్ళు మాట మీద నిలబడే రకం కాదే. ఇవాళ బిగించమన్నవాళ్ళే రేపు వదులు చెయ్యమని వస్తారు. తొందరపడి కత్తెర పెట్టావో, నీ పని అయిపోయినట్టే" అనేది. అందుకే టైలరమ్మ బిగించిన బట్ట పైకి ఎంత నాజూగ్గా కనిపించినా, పక్క కుట్టు రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే తెలిసిపోయేది. లావుగా, మడత మీద మడత తగిలేది.

ఆమె ఉండేది పై అంతస్తులో. మొగుడు దూరాన వంతెనలు కట్టేచోట పని చేస్తాడు, ఫోనులో ఎక్కువ, ఇంట్లో తక్కువ. కూతురు బడికెళ్ళే వయసుది. చిన్నగా, గబగబా, ఒకచోట నిలవకుండా ఉంటుందని దాన్ని పిట్ట అంటారు. కింది అంతస్తులో ఆమె సొంత అక్క ఉంటుంది. ఆసుపత్రి క్యాంటీనులో వంట చేస్తుంది, నోరు కూడా గరిటెలా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నానికే పని అయిపోతుంది కాబట్టి పిట్టని బడి నుంచి తెచ్చేది అక్కే, రాత్రికి ఇద్దరికీ వండి పైకి పంపేదీ అక్కే.

ఇక ఆ లిఫ్ట్. దాని గురించి చెప్పకుండా ఈ కథ నడవదు. ముసలి లిఫ్ట్. మోయలేనంత బరువైతే కదలకుండా నిలబడి ఒక చప్పుడు చేస్తుంది. గంటలా ఉండదు. పాల కోసం ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన పసిబిడ్డ మూలిగినట్టు ఉంటుంది. భవనంలో పిల్లలు "లిఫ్ట్ ఏడుస్తోంది" అంటారు.

ఒకరోజు సాయంత్రం అందరూ ఇళ్ళకు చేరే వేళ, పిట్టతో పాటు ఆమె కూడా కింద లిఫ్ట్ కోసం నిలబడింది. పిల్లలు ఎక్కారు. సంచులతో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. భుజాన నీళ్ళ డబ్బాతో ఒకాయన ఎక్కాడు. పిట్ట ఎక్కింది. చివర్న ఆమె కాలు పెట్టింది.

లిఫ్ట్ ఏడ్చింది.

అందరూ ఆమెనే చూశారు. నీళ్ళ డబ్బా ఆయన్ని ఎవరూ చూడలేదు, సంచుల వంక ఎవరూ చూడలేదు. ఆడదాని ఒళ్ళు పదిమంది ఉమ్మడి సొత్తు కదా, దాని మీద తీర్పు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. ఏడుపు టక్కున ఆగింది. లోపల్నుంచి ఒక పిల్లవాడు, "టైలరాంటీ ఎక్కితే లిఫ్ట్ ఏడుస్తుందిరోయ్!" అన్నాడు. నవ్వులు. పిట్ట తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడింది.

తలుపు మూసుకుంది. పిట్ట దిగలేదు.

అంతే జరిగింది. చెప్పుకుంటే ఏమీ లేదు. కానీ ఆ మెట్లన్నీ ఎక్కి, చెమటతో, ఆయాసంతో ఇంటి తలుపు ముందు నిలబడినప్పుడు ఆమె మనసులో ఒకే ఒక్క మాట మిగిలింది. నా కూతురు నాతో దిగలేదు.

ఆ రాత్రే ఫోనులో ఆ గ్రూపు దొరికింది. దొరకడమేంటి, అలాంటివి మన కోసం నోరు తెరుచుకుని కూర్చునే ఉంటాయి. పేరు 'తేలిక'. లోపల వందలమంది ఆడవాళ్ళు, ఒక్కరికీ మొహం లేదు. పేర్లు కూడా బరువు లేనివే. పొగ, నురుగు, దూది, ఈక. ఆమె 'సూది' అని పెట్టుకుంది. నడిపించే ఆవిణ్ణి అందరూ కెప్టెన్ అనేవాళ్ళు.

తేలికలో ఒక ఆచారం ఉండేది. చేరిన ప్రతి మనిషికీ ఒక జంట ఉంటుంది. తినడానికి కూర్చున్నప్పుడు మొదటి ముద్ద తీసి పళ్ళెంలో పక్కన పెట్టాలి. ఫోటో తీసి జంటకు పంపి, కింద 'నా ముద్ద నీకు' అని రాయాలి. జంట 'ముట్టింది' అని జవాబివ్వాలి. మొదట ఒక ముద్ద. అలవాటయ్యే కొద్దీ ఇంకొకటి. నువ్వు ఆకలి చంపుకోవడం లేదు, ప్రేమగా ఇస్తున్నావు, అదీ లెక్క. వద్దనుకోవడం ఆడదానికి కష్టం గానీ, తన వాటా ఇంకొకరికి తోసెయ్యడం చిన్నప్పట్నుంచీ అలవాటే కదా. ఆ కిటుకు కనిపెట్టినవాళ్ళ తెలివికి చెప్పు తీసుకుని దణ్ణం పెట్టాలి.

టైలరమ్మకు జంటగా వచ్చింది ఈక.

మొదటిరోజు ఆమె ఒక్క ముద్ద పక్కన పెట్టింది. రాసింది. వేలు ఫోను మీంచి లేవకముందే జవాబొచ్చింది. "ముట్టింది."

చూస్తుండగానే ఒళ్ళు తగ్గింది. షాపు యజమానురాలు అప్పటిదాకా ఆమెని "ఏమే బస్తా" అని పిలిచేది, ముద్దుగానేనట. ఇప్పుడు "ఏంటమ్మాయ్, ఏం మంత్రం వేశావ్? మాకూ చెప్పొచ్చుగా" అంది. వంతెనల దగ్గర మొగుడు వీడియోలో చూసి, "అబ్బో, నువ్వేనా? కొత్త పెళ్ళాన్ని చూసినట్టుంది" అన్నాడు. పాత పెళ్ళాం ఏమైపోయిందో అడగలేదు మహానుభావుడు. ఆమె దగ్గర ఒక నీలం గౌను ఉండేది, అన్నిటికన్నా వదులైనది, పిట్ట చిన్నప్పుడు దాని మడతల్లో దూరి దాక్కునేది. ఆ గౌనునే మళ్ళీ మళ్ళీ బిగించుకుని, వేసుకుని, ఫోటో పెట్టేది. తేలికలో పూలూ చప్పట్లూ కురిసేవి.

అక్కడి మాటలు చదివితే మీకు ఒళ్ళు మండుతుంది. ఒకామె పనిచేసే చోట కళ్ళు తిరిగి పడిపోయానని రాస్తే, కెప్టెన్ "భేష్, ఒళ్ళు లొంగుతోంది" అని రాసింది. ఇంకొకామె, మా అమ్మ పుట్టినరోజని కడుపు నిండా తిన్నానంటే, ఒకరి తర్వాత ఒకరు వచ్చి "గంగాళం", "గంగాళం" అని రాసి వెళ్ళారు. ఆమె మళ్ళీ కనిపించలేదు. టైలరమ్మ కూడా రాసింది ఆ మాట. రాస్తుంటే కడుపులో ఏదో మెలిపెట్టింది. అది ఆకలే అనుకుంది.

ముందు అక్కకి అనుమానమొచ్చింది. ఒకరోజు పొద్దున్నే వచ్చి, బల్ల మీద పళ్ళెంలో పక్కన పెట్టి ఉన్న ముద్ద చూసి, పారెయ్యడం ఇష్టం లేక నోట్లో వేసుకుంది. వెంటనే అరచేతిలో ఉమ్మేసింది.

"ఇదేంటే ఇలా ఉంది?"

"నువ్వు పంపిందే అక్కా. రాత్రిది."

"నేను పంపిందా? ఉప్పు లేదు, కారం లేదు, వాసన లేదు. ఎవరో నమిలి, సారం పీల్చుకుని, మళ్ళీ ముద్ద చేసి పెట్టినట్టుంది." అక్క చేయి కడుక్కుంటూ ఆమెను ఎగాదిగా చూసింది. "నీ మొహమూ అలాగే ఉంది."

ఆమె నవ్వేసింది. కానీ ఆ పూట ఈకకు ముద్ద పంపినప్పుడు, 'ముట్టింది' కింద ఇంకో మాట వచ్చింది.

"ఉప్పు కాస్త తగ్గించమను మీ అక్కని."

సరదాకి రాసిందనుకుంది. అక్క వంట చేసి పెడుతుందని తానెప్పుడైనా చెప్పిందేమోనని పాత మెసేజీలు వెతికింది. చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళకి, పని నుంచి వచ్చి లిఫ్ట్ ఎక్కింది. ఒక్కతే. చుట్టూ ఎవరూ లేరు. బయట ఎండ ఇంకా ఉంది. ఎవరో ఎక్కడో కుక్కర్ పెట్టారు, అది కూత వేస్తోంది. ఇప్పుడామె ఎంతుందని! భుజానికి సంచి తగిలిస్తే సంచే ఆమెను మోసుకెళ్తున్నట్టుంటుంది. లోపలికి అడుగుపెట్టింది.

లిఫ్ట్ ఏడ్చింది.

బయటికొచ్చింది. ఆగింది. మళ్ళీ కాలు పెట్టింది. ఏడ్చింది. పెద్దగా, తెరలు తెరలుగా.

లిఫ్ట్ మెకానిక్కు వచ్చి పెట్టె పైన, కింద, తీగలు, తాళ్ళు అన్నీ చూశాడు. తాను ఎక్కాడు, బాగానే ఉంది. వాచ్‌మన్‌ని ఎక్కించాడు, బాగానే ఉంది. "మీరు ఎక్కండమ్మా" అన్నాడు. ఆమె ఎక్కింది. లిఫ్ట్ ఏడ్చింది. మెకానిక్కు బుర్ర గోక్కుని, "మీ ఒంట్లో ఎముకలు తప్ప ఏమున్నాయమ్మా, ఇనుముతో చేశాడా దేవుడు?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

ఆ పూట మెట్ల మీద మధ్యలో కూర్చుండిపోయింది. కాళ్ళు రాలేదు. కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఈదుతున్నాయి. ఈకకు రాసింది. "లిఫ్ట్ నన్ను మొయ్యనంటోంది. ఒక్కదాన్నే ఎక్కినా."

జవాబొచ్చింది.

"ఒక్కదానివా? నేనూ ఉన్నాగా."

ఫోను చేతిలోంచి జారి మెట్టు మీద పడింది. ఆమె వెనక, కింది మెట్ల మీద, ఎవరో నిండు కడుపుతో కూర్చున్న మనిషి తృప్తిగా ఊపిరి వదిలినట్టు... ఒక్క నిట్టూర్పు.

తిరిగి చూస్తే ఎవరూ లేరు.

అప్పుడైనా తినాలి కదా? తినాలనే అనుకుంది. ఇంటికెళ్ళి రొట్టె ముక్క తెంపి నోటి దాకా తెచ్చింది. నోరు తెరుచుకోలేదు. దవడలు తాళం పడ్డట్టు బిగుసుకున్నాయి. బలవంతాన లోపల కుక్కితే గొంతు వెనక్కి నెట్టేసింది. ఒకప్పుడు తినకుండా ఉండటానికి అంత యుద్ధం చేసిన మనిషి, తినడానికి అంతకన్నా పెద్ద యుద్ధం చేసి, ఓడి, వంటింటి గచ్చు మీద కూర్చుని ఏడ్చింది. పిట్ట గుమ్మంలో నిలబడి చూసింది. పిల్లలు అన్నీ చూస్తారు. మనం చూపించాలనుకున్నవి తప్ప.

అక్క ఇక ఊరుకోలేదు. మర్నాడు దీపాలు పెట్టే వేళకే ఇద్దర్నీ తన ఇంటికి లాక్కెళ్ళి బల్ల ముందు కూలేసింది. "నేను చూస్తుండగా తినాలి. నమలడం కూడా నేనే నేర్పాలంటే నేర్పుతా." వేడివేడి పళ్ళేలు పెట్టింది. ఆవిరి లేస్తోంది. టైలరమ్మ తల వంచుకుని చెంచాతో కెలుకుతోంది. కిటికీ బయట చీకటి ముసురుకుంటోంది.

అక్క నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. అప్పుడు చిన్న గొంతు వినిపించింది.

పిట్ట తన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి అంచున పెట్టింది. పెదాలు కదిలీ కదలకుండా గుసగుసలాడింది.

"నా ముద్ద నీకు."

కుర్చీకి తగిలించిన సంచిలో, ఫోను వణికింది.

ఆమెకు తీసి చూడాలని లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. తెర మీద ఒకే మాట వెలుగుతోంది.

"ముట్టింది."

"పిట్టా..." ఫోను బల్ల మీద బోర్లించింది. "ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"నువ్వు చేస్తున్నప్పట్నుంచి."

"ఎందుకే తల్లీ?"

పిట్ట భుజాలు ఎగరేసింది. "నేనూ తేలికైతే ఇద్దరం కలిసి ఎక్కొచ్చు కదా. లిఫ్ట్ ఏడవదు. నువ్వు దిగక్కర్లేదు." ఆగి, చిన్నగా అంది. "ఆరోజు నేను దిగాల్సింది."

టైలరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. మణికట్టు తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిరిగిపోయింది. ఇన్నాళ్ళూ తన నడుము తప్ప ఇంకేదీ కొలవని కళ్ళకి అప్పుడు కనిపించింది ఆ పిల్ల.

అక్క నీళ్ళతో వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, విషయం విని, ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అక్క తిట్టలేదంటే భయపడాల్సిందే. పిట్ట మెడ వాలిపోతోంది, కూర్చోలేకపోతోంది. "దాన్ని తీసుకెళ్ళి పడుకోబెట్టు. ఇదిగో ఈ డబ్బా పట్టుకో, పొయ్యి కట్టేసి నేనూ వస్తున్నా. రేపు ఇద్దర్నీ మా ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు పడేస్తా. నడు."

వసారాలో లిఫ్ట్ కోసం నిలబడి, డబ్బా చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో పిట్టని పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె కెప్టెన్‌కి రాసింది. "నా జంటని మార్చండి. లేదా నన్ను తీసెయ్యండి. ఈక ఎవరు? నా కూతురి జోలికి వస్తోంది."

కెప్టెన్ జవాబులో నవ్వు మొహం ఉంది.

"ఈకా? ఈక పోయి చాన్నాళ్ళైందిగా సూదీ. గ్రూపులో అందరం పూలు పెట్టాం, నువ్వు చేరకముందు. చివరిదాకా నిలబడింది. మనందరిలోకీ తేలికైనది ఆవిడే."

వెనకే ఇంకోటి.

"అయినా నీకు నేను జంటని ఇవ్వలేదే."

లిఫ్ట్ వచ్చింది. తలుపు తెరుచుకుంది. లోపల పసుపు దీపం, మరకల అద్దం, ఖాళీ.

ఖాళీ లిఫ్ట్ ఏడుస్తోంది.

ఆమె వెనక్కి అడుగేసింది. కానీ చేతిలో పిట్ట లేదు. పిట్ట అప్పటికే లోపలికి నడుస్తోంది, ఒక చెయ్యి పైకెత్తి... ఎవరో పెద్దవాళ్ళు వేలు పట్టుకుని నడిపిస్తే పిల్లలు నడిచినట్టు. ఆమె ఒక్క దూకు దూకింది. వెనక తలుపు మూసుకుంది.

లిఫ్ట్ కదిలింది. మూలుగుతూ, ఈడ్చుకుంటూ, పైకి. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. దీపం ఒకసారి రెపరెపలాడి...

ఆరిపోయింది.

చీకటి. ముందు వాసన వచ్చింది. తాను వదిలేసిన తిండి వాసనలన్నీ ఒకేసారి. వేపిన ఉల్లిపాయ, కాచిన పాలు, అప్పుడే పొయ్యి మీంచి దిగిన రొట్టె, పిట్ట పుట్టినరోజున ముట్టుకోని కేకు. వాటి కింద, అడుగున, మూసిన గదిలో చాన్నాళ్ళు పడున్న మనిషి వాసన.

తర్వాత చప్పుడు. నములుతున్న చప్పుడు. తొందర లేకుండా.

"అమ్మా..." పిట్ట గుసగుసలాడింది.

"ఇక్కడే ఉన్నానే. నా దగ్గరికి రా."

"నువ్వు నా చెయ్యి పట్టుకునే ఉన్నావుగా."

ఆమె రెండు చేతులూ డబ్బా మీద ఉన్నాయి.

"పిట్టా... ఆ చెయ్యి వదిలెయ్."

"మెత్తగా ఉంది," అంది పిట్ట. గొంతులో భయం లేదు. అదే ఆమెను కోసేసింది. "వెచ్చగా ఉంది. ముందు నీ చెయ్యి ఇలాగే ఉండేది. పడుకునేటప్పుడు నా వీపు మీద వేసేదానివి చూడు... అలా."

చీకట్లో నమలడం ఆగింది. ఎవరో పెదాలు తుడుచుకున్నారు. ఎదర, చాలా దగ్గర్నుంచి, ఒక గొంతు వినిపించింది. ఆమె సొంత గొంతే. ఆకలి ఎండబెట్టకముందు ఉండే నిండు గొంతు.

"నువ్వే ఇచ్చావుగా."

అవును, ఇచ్చింది. ముద్ద ముద్దగా తన బుగ్గలు, తన భుజాలు, పిల్ల తల పెట్టుకునే ఒడి, అన్నీ తనే ఫోటో తీసి పంపింది. పంపి, పూలు పుచ్చుకుంది. ఇప్పుడు అవన్నీ తొడుక్కున్న ఒకత్తె చీకట్లో తన కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఇంక ఏం చెయ్యాలో ఆలోచించలేదు. డబ్బా మూత పీకింది. మూత ఎక్కడో పడి ఖంగుమంది. చెయ్యి లోపల పెట్టి దొరికింది దొరికినట్టు నోట్లో కుక్కుకుంది. దవడలు బిగుసుకున్నాయి. వేళ్ళతో పళ్ళు విడదీసుకుంది. వేడికి నాలుక కాలింది. గొంతు తిప్పికొట్టింది. మళ్ళీ మింగింది. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు. కుక్కలా, సిగ్గు లేకుండా తింటూ, నిండిన నోటితో అరిచింది.

"నాది! ఈ ముద్ద నాది! ఇవ్వను!"

ఇంకో ముద్ద.

"ఇదీ నాదే!"

మోకాళ్ళ మీద పాకింది. చీకట్లో పిట్ట మొహం తడిమి పట్టుకుని పెదాల మధ్య ముద్ద పెట్టింది. "తినవే. నా తల్లీ, తిను. బరువెక్కు. లిఫ్ట్ ఏడిస్తే ఏడవనీ, తాడు తెగితే తెగనీ. తిను..."

పిట్ట నోరు మూసుకునే ఉంది. ఒక క్షణం. ఇంకో క్షణం.

తర్వాత చిన్నగా... నమిలింది.

ఏడుపు ఆగింది. దీపం వచ్చింది. లిఫ్ట్ ఏమీ ఎరగనట్టు పైకి వెళ్ళి తలుపు తెరిచింది. అప్పటికే మెట్లెక్కి వచ్చిన అక్క ఎదురుగా నిలబడి ఉంది. గచ్చంతా తిండి, మొహాల నిండా తిండి, ఒకరినొకరు కరుచుకుని కూర్చున్న తల్లీ కూతుళ్ళు. "ఏంటే ఈ అవతారాలు!" అంటూనే అక్క కొంగుతో పిట్ట మూతి తుడిచింది.

కథ ఇక్కడ ఆపితే బాగుండును.

ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ తిట్టకుండా, తొందర పెట్టకుండా, తినడం మళ్ళీ నేర్పింది. అది చూసినంత తేలిక కాదు. కొన్ని పూటలు గెలిచేది, కొన్ని పూటలు పళ్ళెం ముందు కూర్చుని ఏడ్చేది, అక్క పక్కన కూర్చుని తిట్టేది. ఫోను మార్చేసింది. తేలిక లేదు, సూది లేదు. లిఫ్ట్ ఎక్కితే చప్పుడు లేదు. మెల్లగా బుగ్గల్లోకి రంగొచ్చింది. షాపులో యజమానురాలు, "ఏమే, మళ్ళీ బస్తావి అవుతున్నావ్" అంటే, "అవును మేడమ్, కిందపడితే పగలకుండా ఉండాలిగా" అంది. అందరికన్నా ఎక్కువ సంతోషం పిట్టని చూస్తే. బడికి పంపిన డబ్బా రోజూ నాకినట్టు ఖాళీగా వచ్చేది. బడి గౌనులో పిల్ల ఎప్పటిలాగే ఉంది, వదులూ లేదు, బిగుతూ లేదు. అచ్చం ఒంటికి పోసినట్టు.

ఒక సెలవు రోజు పొద్దున్న, నీలం గౌను ఇప్పుడు ఒంటికి పట్టడం లేదని నవ్వుకుంటూ, కుట్లు విప్పి వదులు చేసుకుందామని బీరువాలోంచి తీసింది. మంచం మీద పరిచింది.

అప్పటికే విప్పి ఉంది.

పక్క కుట్లు, నడుము కుట్లు, తాను దాచిన మడతలన్నీ తెరిచి, గౌను మొదటి రోజు వెడల్పుకి వచ్చేసింది. దారాలు కత్తెరతో తెంపినట్టు లేవు. చివర్లు చీకి, తడిసి, నలిగి... పళ్ళతో కొరికినట్టున్నాయి. చంకల కింద చెమట ఇంకా ఆరలేదు.

"పిట్టా." గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నించింది. "ఈ గౌను ఎవరు తీశారే?"

పిట్ట అద్దం ముందు బడి గౌను పట్టుకుని తిప్పి చూసుకుంటోంది. రేపటికి ఇస్త్రీ ఉందో లేదోనని.

"నువ్వే."

"నేనెప్పుడు తీశాను?"

"రోజూ వేసుకునే వస్తావుగా, మధ్యాహ్నం బడి గేటు దగ్గరికి. అన్నం బెల్లు కొట్టాక." పిట్ట నవ్వింది. "ఆకలేస్తోందంటావు."

ఆమె రోజూ మధ్యాహ్నం షాపులోనే ఉంటుంది. మిషను ముందు.

పిల్ల చేతిలోంచి ఆ చిన్న గౌను తీసుకుంది. పక్క కుట్టు రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. కుట్టు తనదే. ఆ సన్నటి, దగ్గర దగ్గరి కుట్టు ఇంకెవరి చేతికీ రాదు. కానీ తాను దానికెప్పుడూ సూది పెట్టలేదు.

లావుగా తగిలింది. మడత మీద మడత.